కనెక్షన్ రెఫ్యూజ్డ్ అంటే పాస్‌వర్డ్ తప్పని కాదు

ప్రశ్న: నేను లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను. తెనాలిలో ఉంటాను. మా అమ్మాయి డాలస్ వెళ్లేముందు తన డెస్క్‌టాప్‌లో ఉబుంటు 24.04 వేసి ఇచ్చింది. అది మేడమీద గదిలో ఉంటుంది. ఇంటి పత్రాల స్కాన్లు, ఫొటోలు అన్నీ అందులోనే ఉన్నాయి. మోకాళ్ల నొప్పులతో మాటిమాటికీ మెట్లెక్కలేక, కింద ఉన్న విండోస్ 11 ల్యాప్‌టాప్ నుంచే ఎస్ఎస్‌హెచ్ (ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌లోకి నెట్‌వర్క్ మీదుగా భద్రంగా వెళ్లే పద్ధతి) ద్వారా అందులోకి వెళ్దామనుకున్నాను. ల్యాప్‌టాప్ నుంచి ప్రయత్నిస్తే వెంటనే ‘192.168.1.7 పోర్ట్ 22: కనెక్షన్ రెఫ్యూజ్డ్’ అని వస్తోంది. డెస్క్‌టాప్ నుంచి ల్యాప్‌టాప్‌కి ప్రయత్నిస్తే చాలాసేపు ఆగి ‘పోర్ట్ 2222: కనెక్షన్ టైమ్డ్ అవుట్’ అంటోంది. పింగ్ (ఆ అడ్రస్‌లో ఎవరైనా ఉన్నారా అని అడిగే చిన్న పరీక్ష) మాత్రం వెళ్తోంది. ఉబుంటులో ఎస్ఎస్‌హెచ్ ఉంది, కమాండ్ కొడితే పనిచేస్తోంది. పాస్‌వర్డ్ ఎన్నోసార్లు మార్చి చూశాను. ఒక వీడియోలో చెప్పినట్టు, ఈటీసీలోని ఎస్ఎస్‌హెచ్ ఫోల్డర్ తెరిచి, అందులో ఉన్న ఒకే ఒక్క ఫైలు ఎస్ఎస్‌హెచ్_కాన్ఫిగ్‌లో పోర్టును 22 నుంచి 2222కి మార్చాను. అమ్మాయి కూడా అక్కడి నుంచి చూసుకోవచ్చని తెలిసినాయన చెప్తే రౌటర్‌లో 22కి పోర్ట్ ఫార్వార్డింగ్ పెట్టాను. ఇప్పుడాయన ఫైర్‌వాల్ మొత్తం ఆపేయమంటున్నారు. ఆపేయమంటారా? ఆ 192.168.1.7 అనేది మా అమ్మాయి సంక్రాంతికి వచ్చినప్పుడు కాగితం మీద రాసిచ్చిన అడ్రస్.
– ఒక పాఠకుడు, తెనాలి

సమాధానం: మాస్టారూ, ఫైర్‌వాల్ ఆపకండి. రౌటర్‌లో పెట్టిన పోర్ట్ ఫార్వార్డింగ్ మాత్రం మిగతా ఏ పనీ మొదలుపెట్టకముందే తీసేయండి. పాస్‌వర్డ్ జోలికి ఇక వెళ్లకండి, అందులో తప్పేమీ లేదు. ఫార్వార్డింగ్ గురించి ఎందుకింత తొందర పెడుతున్నానో కాసేపట్లో చెప్తాను.

మీరు స్క్రీన్ మీద కనిపించిన మాటలను ఉన్నవి ఉన్నట్టు రాసి పంపారు. నాకు వచ్చే ఉత్తరాల్లో ఎక్కువభాగం ‘ఎర్రర్ వస్తోంది’ అన్న దగ్గరే ఆగిపోతాయి. మీరు పోర్టు నంబర్లతో సహా రాయడం వల్ల, మీ కంప్యూటర్ చూడకుండానే జబ్బు ఎక్కడుందో దాదాపుగా తెలిసిపోయింది.

ముందు ‘రెఫ్యూజ్డ్’ సంగతి చూద్దాం. పోర్టు అంటే కంప్యూటర్‌లో ఒక్కో ప్రోగ్రామ్ కాచుకుని ఉండే తలుపు నంబరు లాంటిది. మీ ల్యాప్‌టాప్ ‘22వ పోర్టులో మాట్లాడవచ్చా’ అని ఒక చిన్న ప్యాకెట్ పంపుతుంది. దాన్ని సిన్ అంటారు. అవతలి కంప్యూటర్‌లో ఆ పోర్టు దగ్గర ఏదైనా ప్రోగ్రామ్ కాచుకుని ఉంటే ‘సరే’ అని జవాబు వస్తుంది. ఎవరూ లేకపోతే, ఆ కంప్యూటర్‌లోని ఆపరేటింగ్ సిస్టమే వెంటనే రీసెట్ అనే ప్యాకెట్ తిప్పి పంపుతుంది. దాన్నే మీ ల్యాప్‌టాప్ ‘కనెక్షన్ రెఫ్యూజ్డ్’ అని చూపిస్తుంది. రిజిస్టర్డ్ ఉత్తరం ‘ఈ చిరునామాలో ఆ పేరుగలవారు లేరు’ అన్న రాతతో తిరిగి రావడం లాంటిది ఇది. అంటే ఉత్తరం ఆ ఇంటిదాకా వెళ్లింది. కేబులు, వైఫై, రౌటర్ అన్నీ తమ పని తాము చేశాయి. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడిగే ఘట్టం ఇంకా రానేలేదు కాబట్టి పాస్‌వర్డ్ ఎన్నిసార్లు మార్చినా ఆ సందేశంలో ఒక్క అక్షరం కూడా మారదు. పాస్‌వర్డ్ తప్పయితే వచ్చే మాట వేరు: ‘పర్మిషన్ డినైడ్’. అది కనిపిస్తే సగం కంటే ఎక్కువ దూరం వచ్చేశామని అర్థం.

‘టైమ్డ్ అవుట్’ దీనికి పూర్తిగా భిన్నం. పంపిన ప్యాకెట్‌కి అవునని గానీ కాదని గానీ జవాబు లేదు. కంప్యూటర్ ఆపేసి ఉండవచ్చు, నిద్రలోకి వెళ్లి ఉండవచ్చు, లేదా ఫైర్‌వాల్ ఆ ప్యాకెట్‌ను చప్పుడు చేయకుండా పారేసి ఉండవచ్చు. మూడో రకం సందేశం కూడా ఒకటుంది. లైనక్స్ (మీ ఉబుంటు ఆ రకమే) నుంచి ప్రయత్నించినప్పుడు ‘నో రూట్ టు హోస్ట్’ అని వస్తే, ఆ అడ్రస్ ఎవరిదని ఇంటి నెట్‌వర్క్‌లో అడిగినా ఏ పరికరమూ నాదని చెప్పలేదని సాధారణంగా అర్థం. ఈ మాటలన్నిటినీ ‘కనెక్ట్ కావట్లేదు’ అని ఒకే గాటన కట్టేయడం వల్లే మనుషులు రోజుల తరబడి సంబంధం లేనిచోట వెతుకుతుంటారు. నాకు దీనిమీద నిజంగా బాధగా ఉంటుంది, ఎందుకంటే సందేశంలోనే సగం సమాధానం ఉంటుంది.

ఇప్పుడు మీ విషయం. మీరు మార్చిన ఫైలు పేరు ఎస్ఎస్‌హెచ్_కాన్ఫిగ్ అని, ఆ ఫోల్డర్‌లో ఉన్న ఫైలు అదొక్కటేనని రాశారు. నాకు కావలసిన ఆధారం అక్కడే దొరికింది. ఎస్ఎస్‌హెచ్‌లో రెండు భాగాలున్నాయి. బయటికి వెళ్లి వేరే కంప్యూటర్‌ను పలకరించేది క్లయింట్. బయటివాళ్ల కోసం కాచుకుని ఉండేది సర్వర్. ఎస్ఎస్‌హెచ్_కాన్ఫిగ్ అనేది క్లయింట్ ఫైలు. సర్వర్ ఫైలు పేరులో హెచ్ తర్వాత ఇంకో డి ఉంటుంది: ఎస్ఎస్‌హెచ్‌డి_కాన్ఫిగ్. సర్వర్ ఇన్‌స్టాల్ అయి ఉంటే అదే ఫోల్డర్‌లో ఆ ఫైలు, దాంతోపాటు ఎస్ఎస్‌హెచ్_హోస్ట్ అనే మాటతో మొదలయ్యే తాళంచెవి ఫైళ్లు కొన్ని కనిపించాలి. మీకు కనిపించలేదు. అంటే మీ డెస్క్‌టాప్‌లో సర్వర్ లేనే లేదు. ఉబుంటు డెస్క్‌టాప్ వేసినప్పుడు క్లయింట్ మాత్రమే వస్తుంది, సర్వర్‌ను మనమే వేసుకోవాలి. మీరు కమాండ్ కొడితే పనిచేసింది ఆ క్లయింటే. ఈ పొరపాటు మీ ఒక్కరిదే కాదు. రెండింటినీ అందరూ ఎస్ఎస్‌హెచ్ అనే పిలుస్తారు కాబట్టి అనుభవం ఉన్నవాళ్లు కూడా ఇక్కడ తడబడతారు.

వీడియో చూసి చేసిన మార్పు ఇంకో చిక్కు తెచ్చింది. క్లయింట్ ఫైల్లో పోర్టు 2222 అని పెట్టడం వల్ల, మీ డెస్క్‌టాప్ ఇప్పుడు ఎవరిని పలకరించాలన్నా 22కి బదులు 2222కి వెళ్తోంది. డెస్క్‌టాప్ నుంచి ప్రయత్నించినప్పుడు సందేశంలో 2222 కనిపించింది అందుకే. దీన్ని వెనక్కి మార్చకుండా వదిలేస్తే, రేపు సర్వర్ వేసుకుని అదే డెస్క్‌టాప్‌లో పరీక్షించినా మళ్లీ ‘రెఫ్యూజ్డ్’ అనే వస్తుంది. సర్వర్ 22లో చక్కగా కాచుకుని ఉంటే మీరు 2222లో అడుగుతుంటారు.

ఇక చేయవలసిన పని. ఒక్కసారి మాత్రం మేడమీదకు వెళ్లి డెస్క్‌టాప్ ముందు కూర్చోక తప్పదు. ఒక అరగంట పట్టవచ్చు, కాబట్టి మోకాళ్లు నెమ్మదిగా ఉన్న పూట చూసుకోండి, లేదా ఇంట్లో చదువుకునే పిల్లలెవరైనా ఉంటే ఈ ఉత్తరం వాళ్ల చేతికివ్వండి. కమాండ్లను ఇక్కడ పలికే తీరులో తెలుగులో రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టాలి, పెద్ద అక్షరం అవసరమైన చోట చెప్తాను.

మొదట ఆ ఫైలును బాగుచేయండి. టెర్మినల్ తెరిచి ‘సుడో నానో’ అని కొట్టి, ఖాళీ వదిలి, ఆ ఫైలు పూర్తి పేరు ఫోల్డర్లతో సహా ఇవ్వండి. పోర్ట్ 2222 అన్న లైనును మళ్లీ 22 చేసి, ముందు ఒక హ్యాష్ గుర్తు పెట్టండి. వీడియోలో తీయమన్నది ఆ గుర్తే అయి ఉంటుంది. హ్యాష్ ఉన్న లైనును ప్రోగ్రామ్ పట్టించుకోదు. కంట్రోల్ ఓ, ఎంటర్, తర్వాత కంట్రోల్ ఎక్స్ నొక్కితే దాచి బయటికి వస్తుంది.

తర్వాత ‘సుడో ఏపీటీ అప్‌డేట్’, అది అయ్యాక ‘సుడో ఏపీటీ ఇన్‌స్టాల్ ఓపెన్ఎస్ఎస్‌హెచ్-సర్వర్’. ఓపెన్ఎస్ఎస్‌హెచ్ అన్నది ఒకే మాట, దాని తర్వాత హైఫన్, తర్వాత సర్వర్. ఇన్‌స్టాల్ పూర్తయ్యాక చాలామంది ‘సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ ఎస్ఎస్‌హెచ్’ కొట్టి చూస్తారు. మీ 24.04లో అక్కడ ‘ఇనాక్టివ్, డెడ్’ అని కనిపించవచ్చు. కంగారు పడకండి. ఉబుంటు 22.10 నుంచి పద్ధతి మారింది. మొదటి కనెక్షన్ వచ్చేదాకా సర్వర్ ప్రోగ్రామ్ లేవదు, దాని తరఫున, ఉబుంటులో సర్వీసులను నడిపించే సిస్టమ్‌డీయే పోర్టు దగ్గర కాచుకుని ఉంటుంది. అందుకే స్టేటస్ అడిగేటప్పుడు ఎస్ఎస్‌హెచ్ తర్వాత చుక్క పెట్టి సాకెట్ అని చేర్చండి. అక్కడ ‘యాక్టివ్, లిజనింగ్’ అని ఉంటే అంతా బాగానే ఉన్నట్టు. పాత పద్ధతి తెలిసినవాళ్లు ఆ ‘డెడ్’ అన్న మాట చూసి అనవసరంగా తీసేసి మళ్లీ వేస్తుంటారు.

నేనైతే స్టేటస్ కంటే ఇంకో కమాండ్‌ను ఎక్కువ నమ్ముతాను. ఎస్ఎస్ అని రెండక్షరాలు, ఖాళీ, హైఫన్, వెంటనే టీ ఎల్ ఎన్ అని మూడక్షరాలు. ఏయే పోర్టుల దగ్గర ఎవరో ఒకరు కాచుకుని ఉన్నారో అది వరసగా చూపిస్తుంది. అందులో 22 ఉన్న లైను వెతకండి. 22కి ముందు నక్షత్రం గుర్తు గానీ 0.0.0.0 గానీ ఉంటే ఇంట్లోని ఏ కంప్యూటర్ నుంచి అయినా పిలుపు అందుకుంటుంది. 127.0.0.1 అని మాత్రమే ఉంటే తనలోంచి వచ్చిన పిలుపునే అందుకుంటుంది, బయటివాళ్లకు ‘రెఫ్యూజ్డ్’ అనే చెప్తుంది. కొత్తగా వేసిన సర్వర్‌లో ఇలా జరగదు. ఎవరైనా సర్వర్ ఫైల్లో లిజన్‌అడ్రస్ అన్న లైను మార్చి ఉంటేనే వస్తుంది.

ఇప్పుడు అక్కడే కూర్చుని ‘ఎస్ఎస్‌హెచ్ లోకల్‌హోస్ట్’ అని కొట్టండి. తనను తాను పలకరించుకోవడం అన్నమాట. మొదటిసారి కాబట్టి ఈ కంప్యూటర్ నాకు తెలియదు, కొనసాగించనా అని అడుగుతుంది. ‘యెస్’ అని మూడక్షరాలూ కొట్టాలి, వై ఒక్కటే సరిపోదు. పాస్‌వర్డ్ టైప్ చేస్తున్నప్పుడు చుక్కలు కూడా కనిపించవు, అయినా అది తీసుకుంటూనే ఉంటుంది. లోపలికి వెళ్లగలిగితే సర్వర్ వైపు పని పూర్తయినట్టే. ‘ఎగ్జిట్’ కొట్టి బయటికి రండి. ఈ పరీక్షను దాటవేయవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను. ఇది నెగ్గి, కింద ల్యాప్‌టాప్ నుంచి మాత్రం రాకపోతే, తప్పు రెండు కంప్యూటర్ల మధ్య ఉందని తేలిపోతుంది. ఇదే నెగ్గకపోతే రౌటర్‌ను తిట్టుకోవలసిన పనిలేదు.

లేచేముందు ఇంకొకటి చూడండి. ‘హోస్ట్‌నేమ్’ అని కొట్టి, ఖాళీ, హైఫన్, పెద్ద అక్షరం ఐ. ఆ డెస్క్‌టాప్ ప్రస్తుత అడ్రస్ కనిపిస్తుంది. అది 192.168.1.7 అవునో కాదో చూడండి. సంక్రాంతికి రాసుకున్న అడ్రస్ ఇప్పటికీ అదే ఉంటుందన్న భరోసా లేదు. ఇంట్లోని రౌటర్ ప్రతి పరికరానికీ అడ్రస్‌ను కొంతకాలానికే ఇస్తుంది. కరెంటు పోయి వచ్చాకో, కొన్నాళ్లు కంప్యూటర్ ఆపేసి ఉంచాకో వేరే అడ్రస్ రావచ్చు. ఆ పాత 7వ నంబరు మీ టీవీకో, ఇంట్లోవాళ్ల ఫోన్‌కో వెళ్లి ఉండవచ్చు. అప్పుడు పింగ్ చక్కగా వెళ్తుంది, ఎందుకంటే జవాబిచ్చేది టీవీ. ఎస్ఎస్‌హెచ్ అడిగితే ‘రెఫ్యూజ్డ్’ అంటుంది, ఎందుకంటే టీవీలో ఎస్ఎస్‌హెచ్ సర్వర్ ఉండదు. పింగ్ వెళ్తోంది కాబట్టి అడ్రస్ సరైనదే అనుకోవడం ఇళ్లలో తరచూ జరిగే పొరపాటు. ఆ అడ్రస్‌లో ఏదో ఒకటి ఉందని మాత్రమే పింగ్ చెప్తుంది, అది మనం అనుకున్న కంప్యూటరేనని చెప్పదు.

అడ్రస్ మారకుండా ఉండాలంటే రౌటర్ సెట్టింగ్స్‌లో డీహెచ్‌సీపీ (రౌటర్ అడ్రస్‌లు పంచే పద్ధతి) కింద అడ్రస్ రిజర్వేషన్ లాంటి పేరుతో ఒక సదుపాయం ఉంటుంది. డెస్క్‌టాప్ మ్యాక్ అడ్రస్ ఇచ్చి, దానికి ఎప్పుడూ ఫలానా నంబరే ఇవ్వమని చెప్పవచ్చు. మ్యాక్ అడ్రస్ అనేది నెట్‌వర్క్ కార్డుకు ఉండే 12 అంకెల, అక్షరాల గుర్తింపు. ఒక జాగ్రత్త: కేబులుకు ఒక మ్యాక్, వైఫైకి ఇంకో మ్యాక్ ఉంటాయి. డెస్క్‌టాప్ ఏ దారిలో కలిసి ఉందో ఆ మ్యాకే ఇవ్వండి.

డెస్క్‌టాప్ దానంతటదే నిద్రపోకుండా సెట్టింగ్స్‌లో పవర్ కింద ఆటోమేటిక్ సస్పెండ్ ఆపేయండి. లేకపోతే మీరు కిందకి దిగి కాఫీ తాగేలోపు అది పడుకుంటుంది, మీకు ఈసారి ‘టైమ్డ్ అవుట్’ కనిపిస్తుంది.

ఇక కిందకి వచ్చి ల్యాప్‌టాప్‌లో పవర్‌షెల్ తెరవండి. ‘టెస్ట్-నెట్‌కనెక్షన్’ అని కొట్టి, డెస్క్‌టాప్ అడ్రస్ ఇచ్చి, ‘హైఫన్ పోర్ట్ 22’ అని చేర్చండి. చివర టీసీపీటెస్ట్‌సక్సీడెడ్ పక్కన ‘ట్రూ’ అని వస్తే దారి తెరుచుకున్నట్టే. అప్పుడు ఎస్ఎస్‌హెచ్ అని కొట్టి, ఉబుంటులోని మీ యూజర్‌నేమ్, ఎట్ గుర్తు, అడ్రస్ ఇవ్వండి. యూజర్‌నేమ్ ఇవ్వకుండా అడ్రస్ ఒక్కటే ఇస్తే, విండోస్ ల్యాప్‌టాప్‌లోని పేరుతో వెళ్తుంది. ఉబుంటులో ఆ పేరుగల ఖాతా లేకపోతే మీరు సరైన పాస్‌వర్డే కొట్టినా ‘పర్మిషన్ డినైడ్’ అంటుంది. ఉబుంటులో మీ పేరు ఏమిటో తెలియకపోతే డెస్క్‌టాప్ దగ్గరున్నప్పుడే ‘హూయామ్‌ఐ’ అన్న కమాండ్ కొట్టి రాసుకోండి.

మీ అసలు అవసరం పత్రాలు, ఫొటోలు కిందకి తెచ్చుకోవడమే అయితే రోజూ నల్లటి తెర ముందు కూర్చోనక్కర్లేదు. విండోస్‌లో విన్ఎస్‌సీపీ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. అదే అడ్రస్, అదే యూజర్‌నేమ్, పోర్టు 22 ఇస్తే ఎడమవైపు ల్యాప్‌టాప్ ఫోల్డర్లు, కుడివైపు డెస్క్‌టాప్ ఫోల్డర్లు కనిపిస్తాయి. మౌస్‌తో ఇటు నుంచి అటు లాగడమే. లోపల నడిచేది ఎస్ఎస్‌హెచ్చే.

ఇలా ఒకవైపు నుంచే ఫైళ్లు తెచ్చుకోవచ్చు, పంపుకోవచ్చు కాబట్టి డెస్క్‌టాప్ నుంచి ల్యాప్‌టాప్‌కి వెళ్లే దారి మీకు అవసరం లేదనే నా అభిప్రాయం. విండోస్‌లో ఎస్ఎస్‌హెచ్ క్లయింట్ ముందే ఉంటుంది. సర్వర్ కావాలంటే ఆప్షనల్ ఫీచర్స్‌లోంచి ఓపెన్ఎస్ఎస్‌హెచ్ సర్వర్‌ను చేర్చి, సర్వీసెస్‌లో దాన్ని స్టార్ట్ చేయాలి. అది లేనప్పుడు ఉబుంటు లాగా ‘రెఫ్యూజ్డ్’ అనకుండా ‘టైమ్డ్ అవుట్’ ఎందుకొచ్చిందంటే, విండోస్ ఫైర్‌వాల్ ఎవరూ కాచుకుని లేని పోర్టుకు వచ్చిన పిలుపుకు రీసెట్ కూడా పంపనివ్వదు. తన ఉనికి బయటివాళ్లకు తెలియకూడదని అలా చేస్తుంది. ఒకే లోపం రెండు కంప్యూటర్లలో రెండు మాటలుగా కనిపించిందంటే కారణం ఇదే. అవసరం లేని సర్వర్ వేసుకోవడం కంటే ల్యాప్‌టాప్‌ను అలాగే వదిలేయడం మంచిది.

ఫైర్‌వాల్ ఆపేయమన్న సలహా గురించి. మీ ‘రెఫ్యూజ్డ్’కూ ఫైర్‌వాల్‌కూ సంబంధం లేదు. ఉబుంటు డెస్క్‌టాప్‌లో యూఎఫ్‌డబ్ల్యూ అనే ఫైర్‌వాల్ ఉన్నా, మనం ఆన్ చేస్తే తప్ప అది పనిచేయదు. అమ్మాయి ఆన్ చేసి ఉందేమో చూడాలంటే ‘సుడో యూఎఫ్‌డబ్ల్యూ స్టేటస్’ చాలు. యాక్టివ్ అని వస్తే ‘సుడో యూఎఫ్‌డబ్ల్యూ అలౌ ఎస్ఎస్‌హెచ్’ అని ఆ ఒక్క పోర్టుకే అనుమతి ఇవ్వండి. ఒక్క పోర్టు కోసం మొత్తం రక్షణ తీసేయమనడం నాకు ఎప్పుడూ నచ్చని సలహా. తీసేశాక పని జరిగితే అసలు కారణం తెలియకుండానే పోతుంది, మళ్లీ పెట్టాలన్న సంగతి కూడా మరిచిపోతారు.

రౌటర్ పోర్ట్ ఫార్వార్డింగ్ నిజంగా ప్రమాదం. ఇంట్లోని రెండు కంప్యూటర్ల మధ్య మాటలకు దాంతో పనేలేదు. అది బయట ఇంటర్నెట్ నుంచి వచ్చేవాళ్లను మీ డెస్క్‌టాప్‌కు మళ్లించడానికి. ఇన్నాళ్లూ అక్కడ సర్వర్ లేదు కాబట్టి వచ్చినవాళ్లు వెనక్కి వెళ్లిపోయి ఉంటారు. సర్వర్ వేసిన క్షణం నుంచి లెక్క మారిపోతుంది. 22వ పోర్టు ఎక్కడ తెరిచి ఉందా అని ఇంటర్నెట్ మొత్తాన్ని రాత్రింబవళ్లు గాలించే ప్రోగ్రామ్‌లు ఉన్నాయి. దొరికితే చాలు, మామూలు యూజర్‌నేమ్‌లు, మామూలు పాస్‌వర్డ్‌లు వరసపెట్టి ప్రయత్నిస్తూనే ఉంటాయి. మీ ఇంటి పత్రాలన్నీ ఆ డెస్క్‌టాప్‌లోనే ఉన్నాయన్నారు. అందుకే సర్వర్ వేయడానికి ముందే ఫార్వార్డింగ్ తీయమన్నాను, ఆ వరస తప్పవద్దు.

మీరు లెక్కల మాస్టారు కాబట్టి 22 అనే అంకె ఎక్కడిదో తెలుసుకోవాలనిపించవచ్చు. 1995లో ఫిన్లాండ్‌లోని హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో ఎవరో దొంగచాటుగా పాస్‌వర్డ్‌లు పట్టుకున్నారు. అప్పట్లో దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి వెళ్లడానికి వాడే టెల్‌నెట్ పాస్‌వర్డ్‌ను ఏ ముసుగూ లేకుండా పంపేది. ఆ దెబ్బతో అక్కడి పరిశోధకుడు తాతూ యిలోనెన్ ఎస్ఎస్‌హెచ్ రాశారు. ఫైళ్లు పంపే ఎఫ్‌టీపీకి 21, టెల్‌నెట్‌కు 23 అప్పటికే ఉన్నాయి. ఆ రెండింటి స్థానంలోకి వచ్చేది కాబట్టి మధ్యలో ఖాళీగా ఉన్న 22ను అడిగి తీసుకున్నారు. మీ ఉబుంటులో, విండోస్‌లో ఉన్న ఓపెన్ఎస్ఎస్‌హెచ్‌ను 1999లో ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ బృందం తయారుచేసింది.

మరి అమ్మాయి డాలస్ నుంచి ఎలా చూడాలి? దానికి, దూరంగా ఉన్న కంప్యూటర్లను ఒకే ఇంటి నెట్‌వర్క్‌లో ఉన్నట్టు కలిపే టెయిల్‌స్కేల్ లాంటిది వాడండి. సొంత అవసరాలకు ఉచితంగా దొరుకుతుంది. మీ డెస్క్‌టాప్‌లో, అమ్మాయి ల్యాప్‌టాప్‌లో వేసి ఒకే ఖాతాతో లాగిన్ అయితే రెండింటికీ 100తో మొదలయ్యే అడ్రస్‌లు వస్తాయి. ఆ అడ్రస్‌తో తను అక్కడి నుంచి ఎస్ఎస్‌హెచ్ చేసుకోవచ్చు. రౌటర్‌లో ఏ పోర్టూ తెరవక్కర్లేదు. మన దగ్గర చాలా ఇంటి కనెక్షన్లకు కంపెనీలు సొంత పబ్లిక్ అడ్రస్ ఇవ్వవు, ఒకే అడ్రస్‌ను ఎన్నో ఇళ్లకు పంచుతాయి. అలాంటిచోట పోర్ట్ ఫార్వార్డింగ్ పెట్టినా పనిచేయదు, టెయిల్‌స్కేల్ పనిచేస్తుంది. ఈ భాగం తొందరపడి మీరొక్కరే చేయనక్కర్లేదు. ఆదివారం తను తీరిగ్గా ఉన్నప్పుడు వీడియో కాల్‌లో ఇద్దరూ కలిసి చేసుకోండి.

కొన్నాళ్లు బాగా పనిచేసి హఠాత్తుగా ‘రెఫ్యూజ్డ్’ మొదలైందని రాసే పాఠకులూ ఉన్నారు, వాళ్ల కోసం రెండు మాటలు. తప్పు పాస్‌వర్డ్‌లు వరసగా కొట్టారా అని గుర్తుచేసుకోండి. సర్వర్‌లో ఫెయిల్2బ్యాన్ వేసి ఉంటే, మామూలు సెట్టింగ్స్‌లో 5 సార్లు తప్పితే 10 నిమిషాలు మీ అడ్రస్‌ను ఆపేస్తుంది. ఆ సమయంలో కనిపించేది ‘రెఫ్యూజ్డ్’ అన్న మాటే. యూఎఫ్‌డబ్ల్యూలో అలౌకు బదులు లిమిట్ అని పెట్టినా, 30 సెకన్లలో 6 సార్లు ప్రయత్నిస్తే అదే జరుగుతుంది. కాసేపు ఆగి ఒక్కసారి మాత్రం ప్రయత్నించండి. సర్వర్ ఫైలును ఈమధ్య మార్చి ఉంటే ‘సుడో ఎస్ఎస్‌హెచ్‌డి’, ఖాళీ, హైఫన్ టీ కొట్టండి. ఫైల్లో తప్పుంటే ఏ లైనులో ఉందో చెప్తుంది, లేకపోతే ఏమీ మాట్లాడదు. 24.04లో పోర్టు నంబరు మార్చినవాళ్లు ‘సుడో సిస్టమ్‌సీటీఎల్ డెమన్-రీలోడ్’ కొట్టి, సర్వీసును కాకుండా ఎస్ఎస్‌హెచ్.సాకెట్‌ను రీస్టార్ట్ చేయాలి, లేకపోతే పాత పోర్టులోనే కాచుకుని ఉంటుంది.

మాస్టారూ, ఇవన్నీ చేశాక కూడా రాకపోతే, ల్యాప్‌టాప్‌లో ఎస్ఎస్‌హెచ్ తర్వాత ఖాళీ, హైఫన్, చిన్న వీ చేర్చి మళ్లీ కొట్టండి. అది తను వేసే ప్రతి అడుగూ చెప్తుంది. అందులో ‘కనెక్టింగ్ టు’ అన్న లైను నుంచి చివరిదాకా, ఈ ఉత్తరంలో రాసినంత జాగ్రత్తగానే రాసి పంపండి. దాంతోపాటు లోకల్‌హోస్ట్ పరీక్షలో ఏమొచ్చిందో, హోస్ట్‌నేమ్ కమాండ్ ఏ అడ్రస్ చూపించిందో కూడా చేర్చండి. పాస్‌వర్డ్ మాత్రం ఎవరికీ రాయకండి, నాకు కూడా.